తిరుపతిలో "బస్సుకు దగ్గర, ధరకు అందుబాటు" అనే ఫ్లాటు: అడ్వాన్సు ఇచ్చే ముందు ఏమేం చూడాలి

రేణిగుంట రోడ్డులో ఒకసారి వెళ్లి వస్తే చాలు, హోర్డింగులన్నీ దాదాపు ఒకటే మాట చెప్తుంటాయి. బస్టాండుకు పది నిమిషాలు, రైల్వేస్టేషన్‌కు పదిహేను నిమిషాలు, సామాన్యుడికి అందే ధర. కింద రంగురంగుల బిల్డింగు బొమ్మ ఉంటుంది. సైటుకు పోతే కంప చెట్లు, ఒక రేకుల షెడ్డు, షెడ్డులో కుర్చీ వేసుకున్న ఒక కుర్రాడు కనిపిస్తారు. తప్పేమీ లేదు, ఇంకా కట్టని ఇల్లు అలాగే ఉంటుంది. కానీ కట్టని ఇంటిని కొనేటప్పుడు మన చేతికి వచ్చేది కాగితాలూ, ఆ రెండు మాటలూ. "దగ్గర", "అందుబాటు" అనే ఆ రెండింటినీ ఎవరో కొలిచి పెట్టిన లెక్కతో నమ్మకుండా మన కాళ్లతో, మన నోట్‌బుక్కుతో కొలుచుకోవాలి. ఎలా కొలవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు నాలుగేళ్లు సెక్రటరీగా చేశాను. బంధువుల్లో, తెలిసినవాళ్లలో ఎవరు ఫ్లాటు చూడటానికి పోయినా నన్ను తోడు పిలుస్తుంటారు. అలా తిరిగి నేర్చుకున్నవే ఇవి.

మొదటి పని: నడవండి

మా చిన్నాన్న కొడుక్కి రేణిగుంట వైపు ఫ్యాక్టరీలో ఉద్యోగం. వాడి భార్య ఆసుపత్రిలో నర్సు, షిఫ్టు డ్యూటీలు. ఇద్దరికీ కుదిరేలా ఒక ప్రాజెక్టు చూసుకున్నారు. బ్రోచర్‌లో "బస్ స్టాప్ 600 మీటర్లు" అని ఉంది. సైటు కుర్రాడు ఫోన్‌లో మ్యాప్ తీసి గీత కూడా చూపించాడు. నిజమే, గీత 600 మీటర్లే. కాకపోతే సైటుకూ మెయిన్‌రోడ్డుకూ మధ్యలో రైలు పట్టాలున్నాయి.

"కార్లో వద్దు, నడుద్దాం పదండి" అన్నాను. ముగ్గురం బయలుదేరాం. సైటు ముందున్న మట్టిరోడ్డు, దాని తర్వాత కాలవ పక్కన సన్నటి సిమెంటు రోడ్డు, ఆ పైన పట్టాల వెంబడి వెనక్కి పోయి అండర్ బ్రిడ్జి దిగి, ఎక్కి, మెయిన్‌రోడ్డు చేరి, డివైడర్‌లో సందు దొరికేదాకా ముందుకు పోయి, అవతల స్టాపు. వాచీ చూస్తే 21 నిమిషాలు. దారిలో వీధి దీపాలున్న స్తంభాలు మూడే. ఆ అమ్మాయి బ్రిడ్జి కింద ఒక్క నిమిషం ఆగి అటూ ఇటూ చూసి, "నైట్ డ్యూటీ అయి వచ్చేటప్పుడు ఈ దావలో ఒక్కదాన్నే రావల్లంటే నా వల్ల కాదు బావగారూ" అంది. ఆ ప్రాజెక్టు సంగతి అక్కడితో తేలిపోయింది. కాగితాలు చూడాల్సిన పని కూడా లేకపోయింది.

అందుకే కాగితాలకంటే ముందు నడక పెట్టాను. ఖర్చు లేని పరీక్ష ఇది, తేలిగ్గా అబద్ధం బయటపడే పరీక్ష కూడా. మామూలు మనిషి నిమిషానికి 80 మీటర్లు నడుస్తాడు. 400 మీటర్లంటే అయిదు నిమిషాలు, 800 అంటే పది. కేంద్రం 2017లో తెచ్చిన రవాణా ఆధారిత అభివృద్ధి విధానం కూడా స్టేషన్ చుట్టూ 500 నుంచి 800 మీటర్ల నడక దూరాన్నే దగ్గర కింద లెక్కేసింది. మీ నడక పది నిమిషాలు దాటితే ఆచరణలో జరిగేది ఒక్కటే: మొదటి నెల నడుస్తారు, రెండో నెల ఆటో, మూడో నెల బైకు. అప్పుడిక "దగ్గర" అన్నందుకు కట్టిన డబ్బు వృథా.

మూడుసార్లు నడవండి. తెల్లారి అయిదున్నరకు ఒకసారి, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఒకసారి, బాగా వాన పడిన మరునాడు ఒకసారి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లతో ఒకసారి నడిపించండి. చేతిలో బియ్యం సంచో, చంకలో పిల్లాడో ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. తిరుపతిలో అండర్ బ్రిడ్జి ఉన్న దారి అయితే వానరోజు నడక తప్పనిసరి. వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలిస్తే ఏమవుతుందో ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

రెండో పని: ఏ బస్సు, ఏ రైలు, ఎన్ని గంటలకు

"బస్టాండు దగ్గర" అనే మాటలో ఒక తిరకాసుంది. మన సెంట్రల్ బస్టాండు నుంచి తిరుమలకు, చెన్నైకి, బెంగళూరుకు, విజయవాడకు లెక్కలేనన్ని బస్సులుంటాయి. యాత్రికుడికి అది వరం. మీరు రోజూ పోయేది రుయా ఆసుపత్రికో, యూనివర్సిటీకో, రేణిగుంటకో, చంద్రగిరికో అయితే మీకు కావాల్సింది పెద్ద బస్టాండు కాదు, మీ రూటు పల్లెవెలుగో సిటీ ఆర్డినరీయో ఆగే చిన్న స్టాపు. బస్టాండు పక్కనే ఉండి కూడా ఆఫీసుకు రెండు ఆటోలు మారే వాళ్లను చూశాను. ఊరి చివర ఉన్నా ఇంటి ముందు బస్సెక్కి నేరుగా ఆఫీసు గేటు దగ్గర దిగేవాళ్లనూ చూశాను.

మీ స్టాపులో ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా కూర్చోండి. వచ్చిన ప్రతి బస్సు టైమూ, ఎక్కడికి పోతుందో, ఎక్కడానికి చోటుందో లేదో రాసుకోండి. చేయెత్తినా ఆపకుండా పోయినవి కూడా రాయండి. పక్కన టీ కొట్టతన్ని "చివరి బస్సు ఎన్నింటికి అన్నా?" అని అడగండి, డిపోలో అడిగితే తెలిసేదానికంటే ఎక్కువ తెలుస్తుంది. టైము ప్రకారం ఎనిమిదిన్నరకు ఉన్న బస్సు వారంలో ఎన్ని రోజులు వస్తుందో అతనికి తెలుసు. ఇంకోసారి శనివారమో, బ్రహ్మోత్సవాలప్పుడో, వైకుంఠ ఏకాదశి ముందురోజో పోయి చూడండి. యాత్రికుల రద్దీ ఉన్న రోజున అలిపిరి వైపు, బస్టాండు చుట్టూ ట్రాఫిక్ మళ్లిస్తారు. మామూలు రోజున ఇరవై నిమిషాల ప్రయాణం ఆ రోజు ఎంత పడుతుందో తెలుసుకోవాలి. ఈ ఊళ్లో అలాంటి రోజులు ఏడాదికి రెండో మూడో కాదు.

రైలు విషయంలో తూర్పు వైపు తిరుచానూరు, రేణిగుంట. పడమర వైపు తిరుపతి వెస్ట్, చంద్రగిరి, పాకాల మీదుగా కాట్పాడి లైను. వెస్ట్ స్టేషన్ దగ్గరో, చంద్రగిరి దగ్గరో కట్టే ప్రాజెక్టుల వాళ్లు ఇప్పుడు డబ్లింగ్ మాట ఎక్కువగా చెప్తున్నారు. తిరుపతి-పాకాల-కాట్పాడి మధ్య 104 కిలోమీటర్ల రెండో లైనుకు 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది, అంచనా 1,332 కోట్లు. అది నిజమే, మంచిదే. అయితే రెండో లైను పడినంత మాత్రాన మీ స్టేషన్‌లో మీ డ్యూటీ టైముకు రైలు ఆగుతుందని కాదు. రేపు వచ్చేదానికి ఈరోజు ధర కట్టకండి. ఈరోజు ఆగే రైళ్ల పట్టిక చూసి, మీ డ్యూటీకి పనికొచ్చేవి ఎన్నో లెక్కపెట్టండి. ఒక్కటీ లేకపోతే మీకు సంబంధించినంత వరకూ ఆ స్టేషన్ లేనట్టే.

మూడో పని: ధర విప్పి చూడటం

దీని మీద కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

ఒక ఉదాహరణ వేసుకుందాం. అడుగు 3,500 చొప్పున 1,000 అడుగుల ఫ్లాటు, 35 లక్షలు అన్నారనుకోండి. ఆ వెయ్యి అడుగులు సూపర్ బిల్టప్. అందులో మెట్లు, లిఫ్టు, కారిడార్, గోడలు అన్నీ ఉంటాయి. రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను నియంత్రించే రెరా చట్టం చెప్పే కార్పెట్ ఏరియా అంటే బయటి గోడలు, బాల్కనీ తీసేసి, లోపలి అడ్డగోడలు కలుపుకొని మీరు వాడుకునే చోటు. అది 700 అడుగులే అయితే మీరు నిజంగా కట్టేది అడుగుకు 5,000. పక్క ప్రాజెక్టులో అడుగు 3,800 చెప్పినా, వెయ్యికి 800 కార్పెట్ వస్తుంటే అక్కడ అడుగు 4,750 పడుతుంది. ఎక్కువ రేటు అనుకున్నదే చవక. కాబట్టి ఎక్కడికి పోయినా మొదటి ప్రశ్న "కార్పెట్ ఏరియా ఎంత?" అనే ఉండాలి. చెప్పడానికి నసిగితే లేచి వచ్చేయండి.

ఆ 35 లక్షలకు పైన పడేవి చూద్దాం. కట్టుబడిలో ఉన్న అందుబాటు ధర ఫ్లాటుకు జీఎస్టీ 1 శాతం, అంటే 35 వేలు. రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం లెక్కన 2,62,500. కవర్డ్ పార్కింగ్ రెండు లక్షలు, కరెంటు, ట్రాన్స్‌ఫార్మర్, నీటి కనెక్షన్ పేరుతో ఒక లక్ష, అసోసియేషన్ మూలధనం కింద తీసుకునే కార్పస్ ఫండూ ముందస్తు మెయింటెనెన్సూ కలిపి 60 వేలు, కిటికీలకు గ్రిల్సు, వంటింట్లో అరలు, ఫ్యాన్లు, దోమతెరలు లక్షన్నర అనుకోండి. మొత్తం 43 లక్షలు దాటింది. మీ ప్రాజెక్టులో అంకెలు వేరుగా ఉంటాయి, కానీ ఈ పద్దులన్నీ ఉంటాయి. ప్రతి పద్దూ బిల్డర్ చేత లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. "అవన్నీ తర్వాత చూసుకుందాం సార్" అంటే తర్వాత ఆయన చూసుకుంటాడు, మీరు కట్టుకుంటారు.

ఈ 1 శాతం జీఎస్టీ అందరికీ రాదు. 2019 ఏప్రిల్ నుంచి ఉన్న నియమం ప్రకారం మెట్రో నగరాలు కాని చోట కార్పెట్ ఏరియా 90 చదరపు మీటర్లు, అంటే సుమారు 968 అడుగులు మించకూడదు, విలువ 45 లక్షలు దాటకూడదు. పార్కింగ్, డెవలప్‌మెంట్ చార్జీలు వంటివి బిల్డర్ వసూలు చేస్తే అవీ ఆ 45 లక్షల లెక్కలోకి వస్తాయి. దాటితే 5 శాతం. 44 లక్షలని చెప్పి పార్కింగ్‌కు విడిగా రెండు లక్షలు తీసుకునే చోట జాగ్రత్త. పూర్తయినట్టు సర్టిఫికెట్ వచ్చాక అమ్మే ఫ్లాటుకు జీఎస్టీ లేదు.

లోను తీసుకునేవాళ్లు ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0లో వడ్డీ రాయితీకి అర్హత ఉందేమో చూసుకోండి. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు, ఇంటి విలువ 35 లక్షలు, లోను 25 లక్షలు మించకూడదు. మొదటి 8 లక్షల లోను మీద 12 ఏళ్ల వరకు 4 శాతం రాయితీ లెక్కగట్టి, గరిష్ఠంగా 1.80 లక్షలు ఐదు వార్షిక వాయిదాల్లో ఇస్తారు. ఇంటి ధర 36 లక్షలు ఉంటే ఇది పోతుంది. బేరమాడేటప్పుడు ఈ గీత గుర్తుంచుకుంటే పనికొస్తుంది.

దూరానికి ధర కట్టి చూడండి

ఇప్పుడు రెండు మాటలనూ కలిపి తూకం వేయాలి. స్టాపు పక్కన ఫ్లాటు 35 లక్షలు, ఊరికి దూరంగా అలాంటిదే 28 లక్షలు అనుకుందాం. తేడా 7 లక్షలు. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల లోను అయితే లక్షకు నెలకు దాదాపు 868 రూపాయలు. ఏడు లక్షలకు 6,076.

దూరంగా ఉంటే ఇద్దరికీ రెండు బైకులు. ఒక్కొక్కరు రోజుకు 30 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు తిరిగితే పెట్రోలు మనిషికి 1,900 దాకా అవుతుంది. ఇద్దరికి 3,800, రెండో బైకు వాయిదా 3,000, సర్వీసింగ్, ఇన్సూరెన్సు 700. మొత్తం 7,500. స్టాపు పక్కన ఉంటే భార్యకు బస్సు ఖర్చు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో రాష్ట్రంలోని మహిళలకు టికెట్ లేదు, గుర్తింపు కార్డు ఉంటే చాలు. భర్తకు బస్సు 1,200, అప్పుడప్పుడు బైకుకు 500. మొత్తం 1,700. తేడా 5,800.

అటు 6,076, ఇటు 5,800. దాదాపు సమానం. నిజాయితీగా చెప్పాలంటే బైకు వాయిదా తీరాక డబ్బు లెక్కలో దూరపు ఫ్లాటే గెలుస్తుంది. అయినా మా చిన్నాన్న కొడుకు దగ్గరి ఫ్లాటు కోసమే వెతుకుతున్నాడు, నేనూ అదే చెప్పాను. రోజుకు ఇద్దరికీ కలిపి గంటన్నర మిగులుతుంది. రాత్రి పదింటికి ఆ అమ్మాయి ఒంటరిగా హైవే మీద స్కూటీ నడపాల్సిన టెన్షన్ ఉండదు. వానాకాలంలో సెలవు పెట్టాల్సిన పని ఉండదు. వీటికి మీ ఇంట్లో ఎంత విలువ ఉందో మీరే చెప్పగలరు. ఇద్దరిలో ఒక్కరే ఉద్యోగం చేసే ఇల్లయితే, లేదా మీ డ్యూటీ టైముకు బస్సే లేకపోతే, ఈ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. మీ అంకెలు పెట్టి మీ లెక్క మీరే వేయండి.

నీళ్లు: రెండు వైపులా చూడాలి

తిరుపతిలో నీటి కష్టం రెండు రకాలు. మే నెలలో ఉండవు, నవంబర్‌లో ఇంట్లోకి వస్తాయి.

ఊరికి కల్యాణి డ్యామ్ నుంచీ, తెలుగుగంగ నుంచీ నీళ్లొస్తాయి. కానీ కొత్త అపార్ట్‌మెంట్లకు కార్పొరేషన్ లైను ఉందో లేదో, ఉంటే ఎన్ని రోజులకోసారి వస్తాయో అడగాలి. శివార్లలో కొన్ని ప్రాజెక్టులు పంచాయతీ పరిధిలో ఉంటాయి, అక్కడ బోరే దిక్కు. మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది మామూలు లెక్క. 60 ఫ్లాట్లు, ఫ్లాటుకు నలుగురు అంటే రోజుకు 32,400 లీటర్లు. బోరు ఎండితే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఆరు, ఏడు కావాలి. ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో పడుతుంది. పక్క అపార్ట్‌మెంట్ సెక్రటరీ దగ్గరికి పోయి గత ఏప్రిల్, మే నెలల ట్యాంకర్ బిల్లులు చూపించమని అడగండి. చాలామంది సంతోషంగా చూపిస్తారు. నేనైతే ఎవరు అడిగినా చూపించేవాణ్ని, వాళ్లు రేపు మా పొరుగువాళ్లే కదా.

ఇక వరద. కొండ మీద పడిన వాన మాల్వాడి గుండం, కపిలతీర్థం మీదుగా ఊళ్లోకి దిగుతుంది. పేరూరు, తుమ్మలగుంట, అవిలాల అన్నవి చెరువులున్న ఊళ్ల పేర్లు. చెరువు కింద, కాలవ వెంబడి, స్వర్ణముఖి ఒడ్డున కట్టే ఏ ప్రాజెక్టు అయినా 2021 నవంబర్ వరదల్లో అక్కడ ఏం జరిగిందో తెలుసుకోకుండా ఒక్క రూపాయి ఇవ్వొద్దు. బిల్డర్‌ని అడగొద్దు. సైటు పక్కన పాత ఇళ్లున్న వీధిలో నడుచుకుంటూ పోయి, అరుగు మీద కూర్చున్న పెద్దామెను "అమ్మా, ఆ పొద్దు నీళ్లు ఎంతవరకు వచ్చినాయి?" అని అడగండి. ఆమె గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తుంది. ఆ చెయ్యి మీ నడుం దాటితే, పార్కింగ్ నేలకంటే కిందికి ఉందా, జనరేటరు, లిఫ్టు మోటారు, మీటర్ల బోర్డు ఏ ఎత్తులో పెడుతున్నారు అన్నవి ప్లాన్‌లో వెతకండి.

భూమి ఎవరిది

ఇక్కడ మన ఊరికి కొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి. దేవస్థానం భూములు, హథీరాంజీ మఠం భూములు, ఇనాం భూములు, ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డీకేటీ పట్టాలు, చెరువు పోరంబోకు. వీటిలో దేనికైనా సర్వే నంబరు తగిలిందంటే ఎంత అందమైన బిల్డింగు కట్టినా రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోవచ్చు. డీకేటీ భూమి అమ్మకాల మీద 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ఆంక్షలున్నాయి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద ఉన్న నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చూసుకోవాలి. నంబరు పెద్దదై సబ్‌డివిజన్లు ఉంటే సరిగ్గా ఏ సబ్‌డివిజనో పట్టుకోండి. 118/2 బాగుండి 118/3 జాబితాలో ఉండటం మామూలే.

ముప్పై ఏళ్ల ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన లావాదేవీల సర్టిఫికెట్ తీయించి, లింక్ డాక్యుమెంట్లు, అంటే పాత దస్తావేజులు వరుసగా ఒకదానికొకటి కలుస్తున్నాయో లేదో లాయరుతో చూపించండి. ప్రభుత్వ మీభూమి వెబ్‌సైట్‌లో 1-బీ, అడంగల్ రికార్డులు, ఎఫ్ఎంబీ అనే సర్వే కొలతల పటం కూడా తీయండి. బిల్డర్ లాయరు ఇచ్చిన అభిప్రాయం చాలదు, మీ లాయరు మీకు కావాలి. ఫీజు కొన్ని వేలు అవుతుంది, అంతే. "బ్యాంకు అప్రూవ్ చేసింది కదా సార్" అంటారు. బ్యాంకు చూసుకునేది తన లోను భద్రత, మీ ఇరవై ఏళ్ల జీవితాన్ని కాదు.

స్థల యజమానితో డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ మీద కడుతున్నట్టయితే, మీకు చూపిస్తున్న ఫ్లాటు యజమాని వాటాలోదా, బిల్డర్ వాటాలోదా అన్నది పంపకం కాగితంలో ఫ్లాటు నంబరుతో సహా చూడండి. ప్లాన్ మంజూరు చేసినవాళ్లకు కొన్ని ఫ్లాట్లు తనఖా పెట్టే పద్ధతి కూడా ఉంది. మీ నంబరు అందులో ఉంటే అది విడిపించేదాకా రిజిస్ట్రేషన్ కదలదు. మీ వాటా భూమి, అదే యూడీఎస్, ఎన్ని గజాలో రాయించుకోండి. అర ఎకరం అంటే 2,420 గజాలు, 60 ఫ్లాట్లంటే సగటున 40 గజాలు. మీకు 25 గజాలే రాస్తుంటే మిగతాది ఎవరి పేర పోతోందో అడగండి. బిల్డింగు పాతబడేకొద్దీ విలువ నిలిచేది ఆ గజాలకే.

ప్లాన్, రెరా

500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో 8కి మించి ఫ్లాట్లు కడితే 2016 రెరా చట్టం కింద నమోదు తప్పనిసరి. నమోదు కాకుండా ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం రెండూ తప్పే. "ప్రీ-లాంచ్ ఆఫర్, ఈ వారమే" అన్నారంటే ఇంకా నంబరు రాలేదని అర్థం. అలాంటి చవక మనకొద్దు.

ఏపీ రెరా వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి మూడు చూడండి. తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ తుడా గానీ కార్పొరేషన్ గానీ ఇచ్చిన ప్లాన్‌లో ఎన్ని అంతస్తులు, ఎన్ని ఫ్లాట్లు ఉన్నాయి. పూర్తి చేస్తామన్న తేదీ బ్రోచర్‌తో కలుస్తోందా. మూడు నెలలకోసారి పెట్టాల్సిన పని వివరాలు పెడుతున్నారా. బ్రోచర్‌లో ఆరో అంతస్తు ఉండి ప్లాన్‌లో అయిదే ఉంటే, ఆ ఆరో అంతస్తు ఫ్లాటు ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. రేణిగుంట విమానాశ్రయం వైపు ఎత్తైన బిల్డింగు అయితే విమానాశ్రయ సంస్థ ఎత్తు అనుమతి కూడా అడగండి.

పాత బిల్డింగుకు పోయి రండి

ఆ బిల్డర్ అయిదేళ్ల క్రితం కట్టిన అపార్ట్‌మెంట్‌కు చెప్పకుండా పోండి. వాచ్‌మన్‌ని పలకరించి, లిఫ్టు ఎన్నిసార్లు ఆగిందో, పై అంతస్తు ఇంటి సీలింగులో చెమ్మ ఉందో, బిల్డర్ ఫోన్ ఎత్తుతాడో అడగండి. నిర్మాణ లోపానికి అయిదేళ్ల దాకా బిల్డర్‌దే బాధ్యత అని రెరా చెప్తుంది. ఆ బాధ్యత ఆయన ఎలా తీర్చుకున్నాడో అక్కడి గోడలే చెప్తాయి.

బస్టాండుకో స్టేషన్‌కో దగ్గరున్న అపార్ట్‌మెంట్లలో మన ఊళ్లో ప్రత్యేకంగా కనిపించే ఇంకో సమస్య ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. యాత్రికులకు రోజు అద్దెకు ఇచ్చే ఫ్లాట్లు. సంసారాలున్న చోట రోజూ కొత్త మనుషులు, అర్ధరాత్రి లిఫ్టు, పది మంది స్నానాలకు ఒక్క ఫ్లాటు నీళ్లు. మా అసోసియేషన్‌లో దీని మీద ఒక ఏడాది గొడవ పడ్డాం. చివరికి అసోసియేషన్ నియమావళిలో, అదే బైలాలో "రోజు అద్దె కుదరదు" అని రాసుకున్నాక గానీ రాత్రిళ్లు ప్రశాంతంగా నిద్రపోలేదు. అద్దె కోసం కొనే పెట్టుబడిదారులు ఎక్కువగా బుక్ చేసుకున్న ప్రాజెక్టా, కాపురం ఉండేవాళ్లదా అన్నది ముందే ఆరా తీయండి. బైలా ముసాయిదా అడిగి చదవండి.

డబ్బు ఇవ్వడం

రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని చట్టం. కాబట్టి 35 లక్షల ఫ్లాటుకు మూడున్నర లక్షల దగ్గర ఆగండి. అది కూడా బ్యాంకు ద్వారానే, ప్రాజెక్టు పేరున్న ఖాతాలోకే. కొన్నవాళ్లు కట్టే డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే వేరే ఖాతాలో ఉంచాలన్నది రెరా నియమం. ఇంకో ఖాతా నంబరిచ్చి "ఇందులో వేయండి సార్" అంటే ఎందుకని అడగండి. నగదు అడిగితే, ఎంత తగ్గింపు ఇచ్చినా సరే, వద్దనండి. రేపు కేసు వేయాల్సి వస్తే ఆ డబ్బు మీరు ఇచ్చినట్టు ఎక్కడా ఉండదు.

అగ్రిమెంట్‌లో కార్పెట్ ఏరియా, యూడీఎస్ గజాలు, పార్కింగ్ నంబరు, అప్పగించే తేదీ, ఆలస్యమైతే వడ్డీ, పనిని బట్టి కట్టే వాయిదాలు ఉండాలి. నెలను బట్టి కట్టే వాయిదాలు ఒప్పుకోకండి. స్లాబు పడనప్పుడు స్లాబు డబ్బు ఎందుకివ్వాలి?

చివరగా ఓసీ, అంటే బిల్డింగులో కాపురం ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. రంగులు వేసి, లిఫ్టు తిరుగుతూ ఉంటే మనకు ఆగాలనిపించదు, పంతులుగారూ మంచి ముహూర్తం పెట్టేస్తారు. ఓసీ లేకుండా దిగిపోతే నీటి కనెక్షన్, పన్ను, మళ్లీ అమ్మకం అన్నీ మీ తలనొప్పులే అవుతాయి. ఓసీ కాపీ చేతికొచ్చాకే గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించుకోండి.